వినడం కూడా డ్యూటీయే
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం మన కార్యదర్శి గారు ఫోన్ చేసి "సుబేదారు గారూ, ఈసారి సభలో మీరు కాసేపు మాట్లాడాలి" అన్నారు. నేను వక్తను కాదండీ. 30 ఏళ్ళ సర్వీసులో నేను మాట్లాడిందంతా ఫాలిన్ ముందు నిలబడి మాట్లాడిందే. అక్కడ వినేవాళ్ళు సావధాన్‌లో ఉంటారు, ఎదురు ప్రశ్న వేయరు. ఇక్కడ మీరంతా కుర్చీల్లో హాయిగా కూర్చున్నారు, అందుకే నాకు కొంచెం భయంగా ఉంది. "ఏ విషయం మీద మాట్లాడమంటారు?" అని అడిగితే, "ఈ వయసులో కాలేజీ చదువు చదువుతున్నారట కదా, దాని గురించే చెప్పండి" అన్నారు. సరే అన్నాను. నవ్వుకున్నా ఫర్వాలేదు, మా ఇంట్లో నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

నేను 1986లో ఇంటర్మీడియెట్ పాసై, అదే ఏడాది భర్తీ అయ్యాను. 2016లో సుబేదారుగా రిటైర్ అయ్యాను. 15 ఏళ్ళ సర్వీసు చేసిన మెట్రిక్ పాస్ మాజీ సైనికుణ్ణి కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు గ్రాడ్యుయేట్‌తో సమానంగా చూస్తారని మీకందరికీ తెలుసు. ఆ లెక్కన నేను కాగితం మీద ఎప్పుడో గ్రాడ్యుయేట్‌ని. కానీ అసలు చదువు మాత్రం ఇప్పటికీ ఇంటర్మీడియెటే. ప్రస్తుతం దూరవిద్యలో సోషల్ వర్క్ డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నాను. సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. కాబట్టి నేను చెప్పేది పండితుడి మాటగా కాకుండా, ఒక విద్యార్థి మాటగా వినమని మనవి.

ఈ చదువులోకి ఎందుకొచ్చాను

2021 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ రెండో విడత. రోజుకో చావు కబురు. మన సంఘం తరఫున పెన్షన్ కాగితాల పని నేను చూస్తుండేవాణ్ణి. ఒకరోజు నాతోపాటు పనిచేసిన ఒక మిత్రుడు పోయాడని తెలిసి, మూడో రోజున ఆయన భార్యకు ఫోన్ చేశాను. ఆ చెల్లెమ్మ అనుమతి తీసుకునే ఈ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

ఫోన్ ఎత్తగానే నేను మొదలుపెట్టాను. "అమ్మా, డెత్ సర్టిఫికెట్ కాపీలు కావాలి, పీపీఓ నంబరు చూడండి, జాయింట్ అకౌంట్ పాస్‌బుక్, ఆధార్, పాన్ కార్డు సిద్ధంగా ఉంచుకోండి" అని లిస్టు చదువుకుంటూ పోయాను. అన్నీ అవసరమైన కాగితాలే, ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. ఆమె అంతా విని, "అన్నయ్యా, కాగితాలు రేపు చూద్దాం. ఆయన గురించి ఒక్క మాట చెప్పండి. మీరు ఆయనతో ఎనిమిదేళ్ళు ఉన్నారు కదా" అంది.

నాకు నోట మాట రాలేదు. నిజంగా రాలేదు. కాసేపు ఊరుకుని, "ధైర్యంగా ఉండమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫారాలు నింపడం నాకొచ్చు, మనిషి ఎదురుగా ఉంటే ఏం చేయాలో నాకు రాదు అని ఆ రోజు తెలిసింది. 53 ఏళ్ళకు తెలిసింది.

తర్వాత మా అమ్మాయి చెప్పింది, దీనికి కూడా చదువు ఉంది నాన్నా అని.

ఏమిటీ చదువు

సోషల్ వర్క్ అంటే సమాజసేవే కదా, దానికి డిగ్రీ ఎందుకు అని నేనూ అనుకున్నాను. అన్నదానం చేయడానికి, రక్తదానం చేయడానికి పరీక్ష రాయాలా? కానీ మన దేశంలో ఇది 1936 నుంచి ఉన్న చదువు. ఆ ఏడాది బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరుమీద మొదలైన స్కూలే తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనం ఇగ్నో అంటాం, దూరవిద్యలో కూడా ఈ డిగ్రీ పెట్టింది. నేను చేరినప్పటి నిబంధన ప్రకారం ఇంటర్ పాసైతే చాలు. కనీసం 3 ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ళలో పూర్తి చేయాలి. పుస్తకాలు హిందీలో కూడా దొరుకుతాయి. మన ఫౌజీ హిందీ ఇన్నాళ్ళకు చదువుకు పనికొచ్చింది.

ఈ చదువులో ఎన్నో పేపర్లు ఉన్నా, నాకు అర్థమైనంతవరకు అసలు సంగతులు మూడు. ఒకటి, నిన్ను నువ్వు చూసుకోవడం. రెండు, ఎదుటివాడికి సాయపడే పద్ధతి నేర్చుకోవడం. మూడు, ఆ సాయంలో ఏది ధర్మం, ఏది కాదు అని తెలుసుకోవడం. ఇవి పుస్తకం చదివి పరీక్ష రాస్తే వచ్చేవి కావు. అందుకే ఫీల్డ్ వర్క్ అని ఉంటుంది. ఏదైనా సేవాసంస్థకు వెళ్ళి, మనుషులతో పనిచేసి, ప్రతిసారీ రిపోర్టు రాసి సూపర్‌వైజర్‌కు చూపించాలి. పరేడ్ గ్రౌండ్‌లో డ్రిల్ నేర్చినట్టు, చేసి చూపించి తప్పులు దిద్దించుకోవాలన్నమాట.

వాపసొచ్చిన రిపోర్టు

నన్ను ఒక వృద్ధాశ్రమానికి పంపారు. మా సూపర్‌వైజర్ మేడమ్ మరాఠీ ఆవిడ, వయసు మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్ద ఉంటుందేమో. మొదటి రోజు పని చేసి వచ్చి రిపోర్టు రాశాను. మన అలవాటు ప్రకారమే రాశాను. "1030 గంటలకు ఆశ్రమం చేరితిని. ముగ్గురితో మాట్లాడితిని. ఒక పెద్దాయన కొడుకు రావడం లేదని విచారముగా ఉన్నాడు. తగిన సలహా ఇచ్చి ధైర్యం చెప్పితిని. 1300 గంటలకు బయలుదేరితిని. పరిస్థితి సంతృప్తికరం." సిట్‌రెప్ లాగా పక్కాగా ఉంది. శెభాష్ అంటారనుకున్నాను.

మర్నాడు రిపోర్టు వాపసొచ్చింది. కింద ఎర్ర సిరాతో రాసి ఉంది. "ఇందులో టైము ఉంది. పెద్దాయన ఉన్నారు. సలహా ఉంది. మీరెక్కడున్నారు?"

నేను అర్థం కాక వెళ్ళి అడిగాను. ఆవిడ కూర్చోబెట్టి అడిగింది. "ఆ పెద్దాయన కొడుకు గురించి చెబుతుంటే మీకు లోపల ఏమనిపించింది?" నేను "ఏమీ అనిపించలేదు మేడమ్" అన్నాను. "మరి మధ్యలో ఆపి సలహా ఎందుకిచ్చారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. 30 ఏళ్ళలో నాకు ఎంతోమంది ఎన్నో ప్రశ్నలు వేశారు. రైఫిల్ నంబరెంత, రేషన్ స్ట్రెంగ్త్ ఎంత, ఎంతమంది ఛుట్టీలో ఉన్నారు అన్నీ అడిగారు. నీకు లోపల ఏమనిపించింది అని ఎవరూ అడగలేదు. నేనూ నా జవాన్లను ఎవర్నీ అడగలేదు.

దీనికి సంబంధించి ఒక పాఠం ఉంది. 1955లో జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక కిటికీ బొమ్మ గీశారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని జోహారి కిటికీ అంటారు. మనిషికి నాలుగు గదులు ఉంటాయట. నాకూ లోకానికీ తెలిసినది ఒకటి. నాకు తెలిసి లోకానికి దాచింది రెండోది. లోకానికి కనబడుతూ నాకు మాత్రం తెలియనిది మూడోది. ఎవరికీ తెలియనిది నాలుగోది. ఆ మూడో గది సంగతి మా ఆవిడకు చెబితే, "దీనికి అమెరికా దాకా ఎందుకు, నన్నడిగితే నేనే చెప్పేదాన్ని. మీరు ఇంట్లో కూడా రోల్ కాల్ తీస్తారు, మా మాట వినరు" అంది. 30 ఏళ్ళుగా అందరికీ కనబడుతున్నది, నాకు కనబడలేదు.

ఒక జవాను సంగతి

ఆ రిపోర్టులు తిరగరాస్తున్న రోజుల్లోనే నాకు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. గుర్తుకు రావడం అంటే, మరిచిపోయింది కాదు. పక్కన పెట్టేసింది. ఆ మనిషి అనుమతి తీసుకునే అవకాశం నాకు లేదు కాబట్టి ఊరు, పల్టన్, ఏడాది, పోస్టు ఏదీ చెప్పను. మీరు కూడా ఊహించవద్దని కోరుతున్నాను.

నేను అప్పుడు నాయబ్ సుబేదార్‌ని. ఒక ఎత్తైన ప్రాంతంలో పోస్టు. తెలుగు కుర్రాడు, సర్వీసులో చిన్నవాడు. ఒకరాత్రి నా బంకరుకు వచ్చాడు. "సాబ్, ఒక మాట" అన్నాడు. నేను "విశ్రామ్" అన్నాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాడు. ఇంట్లో అన్నదమ్ముల పొలం తగాదా, భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది, తల్లి ఫోనులో ఏడుస్తోంది. చెబుతూ చెబుతూ, "సాబ్, మీరు మనవాళ్ళు కాబట్టి చెప్పాను, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. గొంతు పూడుకుపోయింది.

నేను వెంటనే లెక్చర్ ఇచ్చాను. "ఫౌజీవి అయ్యుండి ఇలా ఏడుస్తావా? అందరికీ ఉంటాయి ఇంటి గొడవలు. డ్యూటీ మీద మనసు పెట్టు, అన్నీ అవే సర్దుకుంటాయి. ఛుట్టీ నీ వంతు వచ్చినప్పుడు వస్తుంది." ఇరవై నిమిషాలు నేనే మాట్లాడాను. అతను "ఠీక్ హై సాబ్" అని వెళ్ళిపోయాడు. నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

రెండో తప్పు మర్నాడు చేశాను. సీనియర్ జేసీఓ సాబ్‌తో చాయ్ తాగుతూ, కుర్రాడి మంచి కోసమే అనుకుని, సంగతంతా చెప్పేశాను. చుట్టూ మరో నలుగురు ఉన్నారు. రెండు రోజుల్లో లంగరులో వంటవాడి దాకా వెళ్ళింది. ఎవరో అతని భార్య పేరు ఎత్తి నవ్వారు. ఆ తర్వాత ఆ కుర్రాడు నా ముందుకు వచ్చినప్పుడు సెల్యూట్ చేశాడు, "రామ్ రామ్ సాబ్" అన్నాడు. అంతే. ఇంకో మాట మాట్లాడలేదు. కొన్నాళ్ళకు ఛుట్టీ వచ్చింది, వెళ్ళాడు, తిరిగి రాలేదు. 30 రోజులు దాటితే ఏమవుతుందో మీకు తెలుసు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, భగోడా అని రాయడం. ఉద్యోగం పోయింది. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో నాకు తెలియదు.

నేను సరిగ్గా విని ఉంటే అతను నిలబడేవాడా? చెప్పలేను. పొలం తగాదా నేను తీర్చలేను, భార్యను నేను తీసుకురాలేను. కానీ ఆ రాత్రి అతను సైన్యంలో ఒక్క మనిషిని నమ్మి వచ్చాడు. ఆ మనిషిని నేను. ఆ నమ్మకం మర్నాడు చాయ్‌లో కలిసిపోయింది. ఇది మాత్రం నేను చేసిన పనే.

మేడమ్ అడిగిన ప్రశ్నే నన్ను నేను అడుక్కున్నాను. అతను ఏడుస్తుంటే నాకు లోపల ఏమనిపించింది? చాలా రోజులు రాయలేకపోయాను. చివరికి రాశాను. అంతకు రెండేళ్ళ ముందు మా నాన్నగారు పోయారు. మంచు పడి దారి మూసుకుపోయి, నేను ఇల్లు చేరేసరికి పదకొండో రోజు. మా తమ్ముడు తలకొరివి పెట్టాడు. నేను ఏడవలేదు. పెద్ద కొడుకుని, జేసీఓని, నేను ఏడిస్తే ఎలా అనుకున్నాను. ఆ కుర్రాడు ఇంటి గురించి ఏడుస్తుంటే నా ఏడుపు పైకి వస్తోంది. దాన్ని ఆపడానికి అతని నోరు మూయించాను. లెక్చర్ అతని కోసం ఇవ్వలేదు, నా కోసం ఇచ్చుకున్నాను. ఆశ్రమంలో పెద్దాయన్ని మధ్యలో ఆపింది కూడా అందుకే.

దీన్నే వాళ్ళు స్వీయ పరిశీలన అంటారు. తప్పు ఒప్పుకుని బాధపడటం దీని ఉద్దేశం కాదు. రైఫిల్ గురి తప్పుతుంటే ముందు జీరోయింగ్ చేసుకుంటాం కదా, అలాంటిదే ఇది. నా లోపలి గురి ఎంత తప్పుతోందో తెలియకుండా ఎదుటివాడికి సాయం చేయబోతే, తూటా ఎక్కడికో పోతుంది.

వినే పద్ధతి

ఇక నేర్చుకున్న పద్ధతి చెబుతాను. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో ఒక వ్యాసం రాశారు. మనిషి మారడానికి, కోలుకోవడానికి ఎదుటివాడి దగ్గర ముఖ్యంగా మూడు గుణాలు కావాలన్నారు. అతని బాధను అతని వైపు నుంచి అర్థం చేసుకోవడం ఒకటి. లోపలొకటి బయటొకటి లేకుండా నిజంగా ఉండటం ఒకటి. షరతులు పెట్టకుండా ఆదరించడం ఒకటి. నేను ఆ రాత్రి ఫౌజీలాగా ఉంటేనే నీ మాట వింటానని షరతు పెట్టాను.

జెరార్డ్ ఈగన్ అనే ఆయన 1975లో సాయం చేసేవాళ్ళ కోసం రాసిన పుస్తకం చాలా పేరున్నది. ఎదురుగా కూర్చో, చేతులు కట్టుకోకు, కొంచెం ముందుకు వంగు, కళ్ళలోకి చూడు, ఒళ్ళు బిగబట్టకు అని ఆయన చెప్పారు. మేడమ్ దీన్ని మన దేశానికి తగ్గట్టు సర్ది చెప్పింది. మన పల్లెటూరి ఆడవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తే వాళ్ళకు ఇబ్బంది, అక్కడ చూపు కొంచెం దించుకోవాలి అంది. నాకు మాత్రం అన్నిటికంటే ముందు అర్థమైంది కుర్చీ సంగతి. సావధాన్‌లో ఉన్న మనిషి రిపోర్టు ఇస్తాడు గాని బాధ చెప్పుకోలేడు.

మిగతావి చిన్న చిన్న విషయాలు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు కాకుండా "ఏం జరిగింది? తర్వాత?" అని అడగాలి. అతను చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందా అని చూసుకోవాలి. వైర్‌లెస్‌లో మెసేజ్ అందుకున్నవాడు రిపీట్ బ్యాక్ చేస్తాడు చూడండి, అలాగే. అతను ఆగితే మనమూ ఆగాలి. మౌనం నింపాలని తొందరపడకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. మొదట్లో నాలుక కొరుక్కుని కూర్చునేవాణ్ణి. "నేను నీ స్థానంలో ఉంటే" అనే మాట మానుకోవాలి. మా కాలంలో అయితే, అనే మాట అసలే అనకూడదు. మనవాళ్ళలో చాలామందికి ఈ రెండూ మానేస్తే మాట్లాడ్డానికి ఏమీ మిగలదు, నాతో సహా!

ధర్మం సంగతి

మూడోది ధర్మం. ఫెలిక్స్ బీస్టెక్ అనే క్రైస్తవ గురువు, అమెరికాలో అధ్యాపకుడు, 1957లో ఏడు సూత్రాలు రాశారు. సోషల్ వర్క్ చదివే ప్రతివాళ్ళూ ఇవి చదువుతారు. ప్రతి మనిషినీ విడిగా, అతనిగానే చూడాలి. మనసులోది చెప్పుకోనివ్వాలి. మన భావాలను అదుపులో పెట్టుకుని స్పందించాలి. ఉన్నవాణ్ణి ఉన్నట్టు స్వీకరించాలి. తీర్పులు చెప్పకూడదు. నిర్ణయం అతనికే వదలాలి. విన్నది గుట్టుగా ఉంచాలి.

ఆఖరి దాని దగ్గర నాకు క్లాసులో పేచీ వచ్చింది. నేను లేచి అడిగాను. "మేడమ్, సైన్యంలో విన్నది పైకి చెప్పడమే డ్యూటీ. జేసీఓ అంటే ఆఫీసరుకూ జవానుకూ మధ్య వారధి. జవాను చేతిలో తుపాకీ ఉంటుంది. అతని మనసు బాగాలేదని తెలిసి దాచిపెడితే, ఏదైనా జరిగితే ఎవరు జవాబుదారీ?" ఆవిడ మంచి ప్రశ్న అంది. చర్చ గంట సాగింది. తేలింది ఏమిటంటే, గుట్టు అంటే అన్నీ దాచడం కాదు. మనిషి ప్రాణానికి, లేదా ఇంకొకరి ప్రాణానికి ముప్పు ఉంటే చెప్పి తీరాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి వివరాలు గోప్యంగా ఉండటం అతని హక్కు అంటూనే, ప్రాణాపాయం లాంటి సందర్భాలను మినహాయించింది. కానీ చెప్పేటప్పుడు ఎవరికి చెప్పాలో వాళ్ళకే, ఎంత అవసరమో అంతే, వీలైతే అతనికి ముందే చెప్పి మరీ చెప్పాలి.

అప్పుడు నా తప్పు ఇంకా స్పష్టంగా తెలిసింది. పైకి చెప్పడం తప్పు కాదు. "బేటా, నీ ఛుట్టీ కోసం కంపెనీ కమాండర్ సాబ్‌తో ఒక్కడితోనే మాట్లాడతాను, ఇంత మాత్రమే చెబుతాను, సరేనా?" అని అడిగి ఉండాలి. నేను అడగలేదు. చెప్పాల్సిన చోట చెప్పలేదు, చెప్పకూడని చోట చెప్పాను.

రెండో కుర్చీ

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇందులోని మనిషి అనుమతి ఇచ్చాడు, అయినా గుర్తు పట్టే వివరాలు మార్చాను. ఒక మాజీ హవల్దారు ఆదివారం మన సంఘం డెస్కు దగ్గరికి స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ పని ఉందని వచ్చాడు. చూస్తే అతని సర్టిఫికెట్‌కు ఇంకా ఐదు నెలలు టైముంది. పాత నేనైతే "టైముంది, నవంబరులో రా" అని పంపేసేవాణ్ణి. ఆ రోజు కుర్చీ జరిపి, "కూర్చో తమ్ముడూ, చాయ్ తాగుదాం" అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అన్నా, ఈ సర్టిఫికెట్ ఇచ్చి ఏం లాభం, బతికున్నానని రాయించుకోవడానికి?" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. లెక్చర్ నోటి దాకా వచ్చింది, మింగేశాను. మాకు నేర్పింది ఇలాంటప్పుడు సూటిగా అడగమని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగాను. "తమ్ముడూ, చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" తల ఊపాడు. ఎప్పటినుంచి, ఎలా అనుకున్నావు అని కూడా అడిగాను. చెప్పాడు. అప్పు, తాగుడు, కొడుకుతో మాటల్లేకపోవడం.

అతను "ఇంట్లో చెప్పొద్దన్నా" అన్నాడు. అదే మాట, ఆ బంకరులో విన్న మాటే. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "నీ అప్పు సంగతి ఎవరికీ చెప్పను. కానీ నీ ప్రాణం సంగతి ఒక్కణ్ణే మోయలేను. మీ ఆవిడకు చెబుదాం, డాక్టరు దగ్గరికి వెళదాం. నువ్వు చెబుతావా, నేను పక్కన ఉండనా?" చాలాసేపటికి "నువ్వు పక్కన ఉండు, నేనే చెబుతాను" అన్నాడు. ఆ రోజు అతన్ని ఒంటరిగా వదలలేదు. ఇంటికి వెళ్ళాం, చెప్పాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళాం. మందులు రాశారు. నేను డాక్టర్ని కాదు, కౌన్సిలర్‌ని కూడా కాదు, సగం చదివిన విద్యార్థిని. నా హద్దు తెలుసుకుని పై మెట్టుకు అప్పగించడం కూడా ధర్మంలో భాగమే.

అంతా బాగుపడింది అని చెప్పను. తాగుడు ఒకసారి మానాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ మానాడు. కొడుకు ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. కానీ ఉన్నాడు. నవంబరులో వచ్చి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చాడు. చాయ్ డబ్బులు అతనే ఇచ్చాడు.

ఈ సందర్భంగా రెండు విషయాలు అందరికీ తెలియాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 2023 డిసెంబరులో సైనికుల కోసం ప్రత్యేకంగా ఒక టెలీ మానస్ విభాగాన్ని పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రారంభించారు. రెండోది, పోలీసు కేసు అవుతుందేమోనని భయపడి చాలా కుటుంబాలు ఆసుపత్రికి తీసుకెళ్ళవు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, పైగా వైద్యం, సంరక్షణ ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిది. భయపడకుండా తీసుకెళ్ళండి.

సంఘానికి నా మనవి ఒక్కటే. మన డెస్కు దగ్గర ఇదివరకు ఒకే కుర్చీ ఉండేది, రాసేవాడికి. వచ్చినవాళ్ళు నిలబడే ఫారం ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు రెండో కుర్చీ వేశాం. దాన్ని తీయకండి. ఫారం ఐదు నిమిషాల్లో నింపినా, మనిషిని మరో పది నిమిషాలు కూర్చోనివ్వండి. కూర్చున్నాక అతను చెప్పింది సంఘం మీటింగులో కూడా చర్చకు రాకూడదు. కొత్తగా రిటైర్ అయి వస్తున్న తమ్ముళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ చదువులో చేరితే పుస్తకాలు నేనిస్తాను. ఎర్ర సిరా గీతలతో సహా ఇస్తాను.

ఆ చెల్లెమ్మకు, మొదట చెప్పాను చూడండి, ఆమెకు మళ్ళీ ఫోన్ చేశాను. ఏడాదిన్నర ఆలస్యమైంది. ఆయన మంచులో కూడా పొద్దున్నే సుప్రభాతం రాగం తీసేవాడని, లంగరులో ఆవకాయ సీసా ఒక్కణ్ణే తిననిచ్చేవాడు కాదని, నాకు తెలిసినవన్నీ చెప్పాను. గంటసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువసేపు ఆమే మాట్లాడింది, నేను విన్నాను.

తప్పులుంటే మన్నించండి.

జైహింద్.